లేత్ చక్‌కి బ్యాక్‌ప్లేట్ ఇంట్లోనే చేసుకోవడం: బీడు ముక్క నుంచి డయల్ ముల్లు నిలబడేదాకా

పాత లేత్ కొన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. స్పిండిల్ (తిరిగే ఇరుసు) బాగుంటుంది, బెడ్ (కింది పట్టాలు) బాగుంటుంది, చక్ (ముక్కని దవడలతో పట్టుకునేది) మాత్రం అరిగిపోయి నోరు తెరిచి ఉంటుంది. కొత్త 3 దవడల చక్ కొనొచ్చు, అది కష్టం కాదు, కానీ ఆ చక్‌ని మీ స్పిండిల్‌కి కలిపే మధ్య పళ్లెం, అంటే బ్యాక్‌ప్లేట్, మీ స్పిండిల్ థ్రెడ్‌కి సరిపోయేది బజార్లో తేలిగ్గా దొరకదు. అది మీరే చేసుకోవాలి. గాజువాక దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ మీద నేను రెండుసార్లు చేశాను. మొదటిది పాడైంది, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. ఆ రెండోది ఎలా చేశానో కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఈ కొలతలు నా మిషన్‌వి, మీవి మీరు తీసుకోవాలి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటిది ఎందుకు పాడైందో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ పని మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. స్పిండిల్ కొలతలు కాగితం మీద రాసుకుని ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాను. వాళ్లు థ్రెడ్డు, ముందు ముఖం, చక్ కూర్చునే మెట్టు, అన్నీ వాళ్ల లేత్ మీదే పూర్తిచేసి తళతళలాడించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి బిగించి డయల్ (ఎంత ఊగుతోందో ముల్లుతో చూపే గేజ్) పెడితే 0.2 మిల్లీమీటర్ల అవుట్, అంటే ఊగుడు. చక్ బిగించాక చూస్తే ఇంకా ఎక్కువ. షిప్‌యార్డులో టర్నర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన మా వీధిలోనే ఉంటారు, ఆయనకి చూపిస్తే చేతిలో తిప్పి చూసి, "ఏటి బాబూ, ఇంకొకడి స్పిండిల్ మీద తిరిగింది నీ స్పిండిల్ మీద నిలబడతాదేటి? థ్రెడ్డు లాగుద్ది, అంతే. నిలబెట్టేది కాలరు" అన్నారు.

కాలర్ అంటే స్పిండిల్ ముక్కు మీద థ్రెడ్డుకీ వెనక భుజానికీ మధ్య ఉండే నున్నటి భాగం. దాన్నే రిజిస్టర్ అంటారు. థ్రెడ్డు పని బ్యాక్‌ప్లేట్‌ని వెనక్కి లాగి భుజానికి ఆనించడం వరకే. అటూఇటూ కదలకుండా మధ్యలో ఉంచేది ఆ కాలరు, వంకర లేకుండా నిటారుగా ఉంచేది భుజం. ఇంకోమాట, చక్ కూర్చునే ముఖానికీ మెట్టుకీ చివరి కట్ మీ సొంత స్పిండిల్ మీదే పడాలి. ఈ రెండూ గుర్తుంటే మిగతాదంతా ఓపిక.

ముందు మీ స్పిండిల్‌ని కొలవండి

ఇక్కడ తొందర పనికిరాదు. పాత చక్ విప్పి, థ్రెడ్డు గాడిలో ఏళ్ల తరబడి గట్టిపడ్డ గ్రీజు, ఇనుప పొట్టు అన్నీ కిరోసిన్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగేయండి. తర్వాత థ్రెడ్ గేజ్ పెట్టి అంగుళానికి ఎన్ని థ్రెడ్లు, కోణం 60 డిగ్రీలా 55 డిగ్రీలా అన్నది వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. పాత ఇంగ్లీషు మిషన్లు, వాటిని చూసి మన దేశంలో చేసినవి చాలావరకు 55 డిగ్రీల విట్‌వర్త్ ఉంటాయి. 60 గేజ్ పెట్టినా దాదాపు కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ పక్కన సన్నగా వెలుతురు గీత కనిపిస్తుంది. ఆ గీతని తేలిగ్గా తీసుకోకండి.

నాది ఒకటిన్నర అంగుళం, అంటే 38.1 మిల్లీమీటర్ల వ్యాసం, అంగుళానికి 8 థ్రెడ్లు, 60 డిగ్రీలు. పిచ్ 25.4 ని 8 తో భాగిస్తే 3.175. లోపలి థ్రెడ్డుకి ముందు బోర్ ఎంత ఉండాలంటే, వ్యాసంలోంచి పిచ్‌కి 1.0825 రెట్లు తీసేయాలి. 38.1 లోంచి 3.44 పోతే 34.66. నేను 34.7 చేశాను. అదే విట్‌వర్త్ అయితే లోతు ఒక్కో వైపు పిచ్‌కి 0.64 రెట్లు, బోర్ 34 దగ్గరకి వస్తుంది. తేడా చూశారుగా, కోణం తప్పు చదివితే ఏమవుతుందో.

కాలర్ వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో రెండు మూడు చోట్ల తీసుకోండి, వెర్నియర్‌ని నమ్మకండి. నాది 39.98, పొడవు 8. భుజం ముఖం మీద దెబ్బలు, బర్ ఉంటే నూనెరాయితో మెల్లగా తీసేయండి. ఆకురాయి పెట్టొద్దు.

నకలు ముక్క

ఇప్పుడు అసలు చిక్కు. బ్యాక్‌ప్లేట్ లోపల థ్రెడ్డు కోస్తున్నప్పుడు అది లేత్ మీదే పట్టుకుని ఉంటుంది, అది ఎక్కాల్సిన స్పిండిల్ ముక్కు కూడా అదే లేత్‌ది. మరి సరిపోయిందో లేదో ఎలా చూస్తారు? చక్‌లో జాబ్ అలాగే ఉంచి, చక్ మొత్తాన్ని విప్పి, తిప్పి, ముక్కుకి ఎక్కించి చూసేవాళ్లున్నారు. పనిచేస్తుంది, కానీ 4 దవడల చక్ బరువు మోసుకుంటూ బెడ్ మీద పడేసుకునే ప్రమాదం ఉంది, నేనైతే వద్దంటాను. దానికంటే 50 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రాడ్డు ముక్క తీసుకుని మీ స్పిండిల్ ముక్కుకి అచ్చంగా నకలు చేసుకోండి. థ్రెడ్డు, కాలరు రెండూ దాని మీద ఉండాలి. దీనికి ఒక పూట పడుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది.

నకలు సరిగ్గా వచ్చిందని తెలుసుకోవడానికి మూడు తీగల పద్ధతి ఉంది. 1.8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు మూడు ఒకే కంపెనీవి కొనండి, వాటి వెనకవైపు నున్నటి కాడలే మీ తీగలు. స్పిండిల్ థ్రెడ్డు గాడిలో ఒకవైపు రెండు, ఎదురువైపు ఒకటి పెట్టి మైక్రోమీటర్‌తో మీద నుంచి కొలవాలి. కాస్త గ్రీజు రాస్తే కాడలు అంటుకుని నిలబడతాయి, లేకపోతే మూడో చెయ్యి కావాలి. మా అమ్మాయి ఒక కాడ పట్టుకుంది, నేను మైక్రోమీటర్ తిప్పాను. నా స్పిండిల్ మీద 38.62 వచ్చింది. లెక్క ప్రకారం పూర్తి కొలతకి 38.69 రావాలి, అంటే కొంచెం అరిగింది, లేదా మొదట్నుంచే అంత వదులుగా చేశారు. ఏదైనా సరే, మనకి లెక్కతో పనిలేదు, నకలు మీద కూడా అవే కాడలతో 38.62 వచ్చేదాకా కోయడమే.

బీడు ముక్క

బ్యాక్‌ప్లేట్‌కి బీడు, అంటే గ్రే కాస్ట్ ఐరన్, మంచిది. స్టీల్‌తో చేస్తే స్టీల్ స్పిండిల్ మీద రాసుకుని పట్టేసే ప్రమాదం ఉంది. బీడులో గ్రాఫైట్ ఉండటం వల్ల అది జారుతుంది, అదురుని కూడా మింగుతుంది. మనకి ఆటోనగర్ ఉంది కాబట్టి పోత పోసేవాళ్లని పట్టుకోవడం కష్టం కాదు, ఎఫ్‌జి 220 గానీ 260 గానీ అడగండి. నేను 140 మిల్లీమీటర్ల పళ్లెం, వెనక 65 మిల్లీమీటర్ల బొడ్డు ఉండేలా చెక్క ప్యాటర్న్ ఇచ్చి పోయించుకున్నాను. తీసుకునే ముందు తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి, గంటలా మోగితే సరే, చచ్చుగా డబ్‌మంటే లోపల పగులుందని అనుమానించాలి.

పోత మీద ఇసుక కాలిన పెంకు గట్టిగా ఉంటుంది. దాని మీద పైపైన గీకితే టూల్ మొన నిమిషంలో పోతుంది. మొదటి కట్టే పెంకు కిందకి దిగేలా 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు ఇవ్వాలి, విడియా (కార్బైడ్) టూల్ వాడాలి. 140 వ్యాసం మీద విడియాకి 150 ఆర్పీఎం చుట్టుపక్కల, హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ అయితే 50. బీడుకి కూలెంట్ వద్దు, పొడిగానే కోయాలి. నూనె పోస్తే పొడి కలిసి నల్లటి ముద్దై స్లైడుల్లోకి దూరుతుంది, అది అచ్చంగా సానపెట్టే పేస్టులా పనిచేసి మీ బెడ్‌ని తినేస్తుంది. బెడ్ మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతంతో పొడి ఎత్తండి. సంచి తిరగేస్తే పొడి విడిపోతుంది. ముక్కుకి మాస్కు కట్టుకోండి, లేకపోతే రాత్రి ముక్కు చీదితే నల్లగా వస్తుంది.

లుంగీ, కండువా, పొడుగు చేతుల చొక్కా, చేతి గ్లౌజులు, ఇవేవీ లేత్ దగ్గర వద్దు. వేడిగా ఉందని మెడలో తువ్వాలు వేసుకుని నిలబడటం మనకి అలవాటు, అది చక్‌కి చుట్టుకుంటే లాగేది తువ్వాలుని కాదు, మనిషిని. చక్ తాళం చెయ్యి వదిలిందంటే చక్‌లో ఉండకూడదు.

పైపై కోత అయ్యాక ముక్కని ఒక వారం పక్కన పెట్టండి. పెంకు పోగానే లోపలి ఒత్తిడి సర్దుకుని కొంచెం వంగుతుంది, ఆ వంగేదేదో చివరి కొలతలు తేల్చకముందే వంగనివ్వాలి. పాతకాలం వాళ్లు పోతల్ని ఎండకీ వానకీ నెలల తరబడి బయట పడేసేది అందుకే.

వెనక వైపు, ఒక్క బిగింపులో

4 దవడల చక్‌లో పళ్లెం అంచుని పట్టుకుని బొడ్డు బయటికి, టెయిల్‌స్టాక్ వైపుకి ఉండేలా బిగించండి. పళ్లెం వెనక చక్ ముఖానికి కొంత ఖాళీ ఉండాలి, థ్రెడ్డు కోసే టూల్ అవతలికి దిగడానికి. ట్రూ చేశాక, అంటే ఊగకుండా మధ్యకి తెచ్చాక, ఇక దవడలు ముట్టుకోవద్దు. బొడ్డు ముఖం, బోరు, కాలర్ కూర్చునే గూడు, థ్రెడ్డు, ఈ నాలుగూ ఒకే బిగింపులో పూర్తవ్వాలి. మధ్యలో ఒక్కసారి విప్పినా వాటి మధ్య సంబంధం పోయినట్టే.

10, 18, 25 డ్రిల్లులు వరసగా దింపి, తర్వాత మీ దగ్గరున్న వాటిలో లావుపాటి బోరింగ్ బార్ (రంధ్రం లోపల కోసే టూల్ కడ్డీ)‌తో 34.7 కి తెండి. చివర్లో కట్ పెంచకుండా అదే సెట్టింగ్ మీద రెండుసార్లు పోనివ్వండి, బార్ వంగినదంతా సర్దుకుంటుంది. తర్వాత థ్రెడ్డు. లీడ్ స్క్రూ (టూల్ ఉన్న క్యారేజ్‌ని నడిపే పొడుగు మర) అంగుళానికి 4 థ్రెడ్లు ఉన్న లేత్ అయితే మీరు అదృష్టవంతులు. 8 అనేది 4 కి గుణకం కాబట్టి హాఫ్ నట్ (క్యారేజ్‌ని లీడ్ స్క్రూకి కలిపే, విడదీసే నట్టు) ని ఎక్కడ వేసినా అదే గాడిలో పడుతుంది, గేర్లు కూడా 40, 80 సరిపోతాయి. 6 మిల్లీమీటర్ల మెట్రిక్ లీడ్ స్క్రూ అయితే 127 పళ్ల గేరు కావాలి, ఒక జతలో 127, 120, ఇంకో జతలో 40, 80. అలాంటి లేత్ మీద పని పూర్తయ్యేదాకా హాఫ్ నట్ విప్పకూడదు. మోటార్‌ని రివర్స్ తిప్పి వెనక్కి రావాలి. కానీ థ్రెడ్డు ముక్కు ఉన్న స్పిండిల్‌ని రివర్స్ తిప్పితే చక్ దానంతట అది ఊడి వస్తుందని మర్చిపోకండి. అందుకే అలాంటివాళ్లు స్పిండిల్ వెనక చేత్తో తిప్పే హ్యాండిల్ ఒకటి చేసుకోవడం మేలు. హ్యాండిల్ పెట్టినప్పుడు మోటార్ ప్లగ్ పీకేసి ఉండాలి.

టూల్ హెచ్‌ఎస్‌ఎస్‌తో 60 డిగ్రీలకి సాన పట్టి సెంటర్ గేజ్‌తో చూసుకోండి. లోపలి గుండ్రానికి టూల్ మడమ రాసుకోకుండా కింద ఎక్కువగా కోసేయాలి, కొత్తవాళ్లు అక్కడే మోసపోతారు. మొన కోయట్లేదు, మడమ రుద్దుతోంది, వాళ్లేమో ఇంకా కట్ పెంచుతారు. మొదటి కట్ ఊరికే గీత పడేంత ఇచ్చి, ఆపి, స్కేలు పెట్టి అంగుళంలో 8 గీతలు లెక్కపెట్టండి. గేర్లు తప్పు పెట్టుకుంటే ఇక్కడే తెలిసిపోతుంది, ముక్క దక్కుతుంది.

50 ఆర్పీఎం దగ్గర క్యారేజ్ నిమిషానికి దాదాపు 160 మిల్లీమీటర్లు పోతుంది. నా బోరు పొడవుకి పదకొండు, పన్నెండు సెకన్లు. తక్కువలా అనిపించినా సరిపోతుంది. టూల్ అవతలికి వచ్చే చోట బార్ మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి, గీత బొడ్డు ముఖానికి తగలగానే హాఫ్ నట్ విప్పాలి, టూల్ వెనక్కి తీయాలి. బయటి థ్రెడ్డుకి అలవాటైన చెయ్యి ఇక్కడే తప్పు చేస్తుంది: లోపల కోసేటప్పుడు కట్ ఇవ్వడమంటే క్రాస్ స్లైడ్‌ని మన వైపుకి లాగడం, టూల్ విడిపించడమంటే అవతలికి నెట్టడం. నేను ఒక చీటీ మీద బాణం గుర్తు గీసి హ్యాండిల్ పక్కన అంటించుకున్నాను, అయినా పదో కట్ దగ్గర చెయ్యి తప్పబోయింది.

మొత్తం లోతు ఒక్కో వైపు 1.72. మొదట 0.15 చొప్పున, తర్వాత 0.1, చివర్లో 0.05. ఇరవై కట్లు పడతాయి. 1.6 దాటాక ప్రతి కట్‌కీ పొడి తుడిచి నకలు ముక్క పెట్టి చూడండి. మొదట ఒక చుట్టు ఎక్కి ఆగుతుంది, తర్వాత రెండు. అప్పుడు లోతు పెంచకుండా ఇంకోసారి అదే కట్ పోనిస్తే హఠాత్తుగా చివరిదాకా చేత్తో తిరుగుతుంది. కొంచెం వదులుగా ఉన్నా కంగారొద్దు, పెద్దాయన చెప్పారుగా, నిలబెట్టేది అది కాదు.

నిలబెట్టే గూడు ఇప్పుడు. 39.98 కాలర్‌కి నేను 39.99, మరీ అయితే 40.00 పెట్టుకున్నాను. చివరి 0.2 ని 0.05 చొప్పున, మధ్యమధ్య ముక్క చల్లారాక కొలుస్తూ తీయాలి. కోసిన వేడిలో కొలిస్తే సరిపోయినట్టే ఉంటుంది, మర్నాడు చూస్తే బిగుతు. నకలు ముక్క మీది కాలర్‌ని గూట్లోకి దించితే గాలి మెల్లగా తప్పుకుంటూ దిగాలి, పట్టుకుని ఊపితే కదలకూడదు. గూడు అంచుకి చిన్న చాంఫర్ ఇవ్వండి, లేకపోతే భుజం మూలలో ఉండే గుండ్రం తగిలి ముఖం ఆనదు. చివరగా బొడ్డు ముఖం మీద సన్నటి కట్. వెనకవైపు పని అంతే.

ఇప్పుడు సొంత స్పిండిల్ మీదకి

4 దవడల చక్ విప్పండి. స్పిండిల్ ముక్కు, భుజం, మీ కొత్త ముక్క లోపల, అన్నీ గుడ్డతో తుడిచి, చివర్లో వేలితో తడిమి చూడండి. వెంట్రుకంత పొట్టు భుజం దగ్గర ఇరుక్కున్నా ముందు ముఖంలో అవుట్ కనిపిస్తుంది. ఒక చుక్క నూనె వేసి చేత్తో ఎక్కించండి. భుజానికి తగిలినప్పుడు "టక్" మని ఒక గట్టి చప్పుడు రావాలి, మెత్తగా ఆగితే ఏదో అడ్డం ఉన్నట్టు.

ఇక్కడ్నుంచి కోసే ప్రతి కట్ మీ స్పిండిల్ కేంద్రానికే పడుతుంది, కాబట్టి ఈ భాగం నాకు చాలా ఇష్టం. ముందు అంచుని చక్ వ్యాసానికి, నాకు 125 కి, తగ్గించండి. ముఖం కోయండి. తర్వాత చక్ వెనకున్న గుంటలో కూర్చునే మెట్టు. నా చక్ గుంట 95 మిల్లీమీటర్లు, టెలిస్కోపిక్ గేజ్ పెట్టి మైక్రోమీటర్‌తో తీశాను. మెట్టు ఎత్తు గుంట లోతు కంటే 0.3 తక్కువ ఉండాలి. చక్ ఆనాల్సింది బయటి ముఖం మీద, మెట్టు నెత్తి గుంట అడుగుకి తగిలితే చక్ ఊగుతుంది.

మెట్టు చివర 1 మిల్లీమీటరు పొడవుని మాత్రమే ముందు తుది కొలతకి తెచ్చి చక్‌ని ఆనించి చూడండి. అది సరిపోతే డయల్ అంకె రాసుకుని మిగతాది కోయండి, సరిపోకపోతే ఆ 1 మిల్లీమీటరుని ముఖం కోసేటప్పుడు తీసేయొచ్చు, అందుకోసం మెట్టు ఎత్తుని మొదట ఆ మేరకి ఎక్కువ ఉంచుకోండి. మెట్టుని 0.2 వదులు పెట్టి, చక్‌ని సుత్తితో తడుతూ ట్రూ చేసుకునేవాళ్లున్నారు. తప్పు కాదు, కానీ పెద్ద కట్ పడినప్పుడు బోల్టులు జారితే మళ్లీ మొదటికొస్తుంది. నేను చేత్తో నొక్కితే దిగేంత బిగువుగా పెట్టాను.

బోల్టు రంధ్రాలు నాకు 108 మిల్లీమీటర్ల వృత్తం మీద మూడు ఎం8. డివైడర్‌తో గుర్తు పెడితే రెండు రంధ్రాల మధ్య దూరం 93.5 రావాలి. దానికంటే తేలిక దారి ఉంది. మూడు ఎం8 బోల్టుల తలలు కోసేసి, కొసలు లేత్ మీద మొనదేల్చి, చక్ వెనక రంధ్రాల్లో మొన 1 మిల్లీమీటరు బయటికి ఉండేలా బిగించి, చక్‌ని మెట్టు మీద పెట్టి రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. మూడు చుక్కలూ సరిగ్గా పడతాయి. చక్‌కీ బ్యాక్‌ప్లేట్‌కీ ఒక గీత కొట్టి పెట్టుకోండి, ఎప్పుడు విప్పినా అదే వరసలో కూర్చోవాలి. రంధ్రాలు 9 మిల్లీమీటర్లు. బోల్టు చక్ రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోకూడదు, వెనక తలలు హెడ్‌స్టాక్‌కి తగలకూడదు, రెండూ చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకున్నాకే మోటార్ వేయండి.

డయల్

ముందు చక్ లేకుండా బ్యాక్‌ప్లేట్ ముఖం మీద, మెట్టు మీద డయల్ పెట్టండి. తర్వాత ప్లేట్‌ని విప్పి మళ్లీ ఎక్కించి చూడండి, అసలు పరీక్ష అది. నాది మూడుసార్లు విప్పి ఎక్కించినా 0.01 లోపలే ఆడింది. తర్వాత చక్ బిగించి దవడల్లో గ్రౌండ్ రాడ్ పట్టుకుని చూస్తే 0.06 వచ్చింది. అది బ్యాక్‌ప్లేట్ తప్పు కాదు, 3 దవడల స్క్రోల్ (దవడలన్నిటినీ ఒకేసారి కదిపే చుట్టు గాడి) చక్‌లో ఆ మాత్రం మామూలే. చక్ ఒంటి మీద డయల్ పెట్టి ఒళ్లు ట్రూగా ఉండి రాడ్డు మాత్రమే ఊగుతుంటే ఆ తేడా దవడలది, స్క్రోల్‌ది. ఒళ్లే ఊగుతుంటే మెట్టుకీ గుంటకీ మధ్య పొట్టు ఉందేమో విప్పి చూడండి.

మన విశాఖ గాలికి అప్పుడే కోసిన బీడు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. చెమట చేతుల ముద్రలు కూడా మర్నాటికి వేళ్లతో సహా తుప్పై కనిపిస్తాయి. పని ఆపే ప్రతిసారీ నూనె గుడ్డతో తుడిచి గుడ్డ కప్పండి. వానాకాలంలో చక్‌ని స్పిండిల్ మీద వారాల తరబడి కదపకుండా వదిలేయకండి, థ్రెడ్డులో పట్టేస్తుంది. నేను ప్రతి ఆదివారం ఒకసారి విప్పి, ముక్కు తుడిచి, చుక్క నూనె వేసి, ఆ "టక్" విని వదిలేస్తాను.